మత్తు డాక్టరును నిలదీసిన మేస్త్రి

వెంకటరావమ్మ పుట్టింది పిడుగురాళ్లలో. కడుపులో రాళ్లున్నాయని తేలినప్పుడు మనవరాలు శ్రీదివ్య, "పుట్టింటి నుంచి తెచ్చుకున్నావా నాయనమ్మా?" అంది. నొప్పితో మెలికలు తిరుగుతూనే ఆమె మనవరాలి నెత్తిన ఒకటి మొట్టింది.

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ముఠాకి ఆమె ముప్పై ఏళ్లుగా మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్లు ఒకేసారి మాట్లాడుతున్నా, ఆమె ఒక్క కసురు కసిరితే షెడ్డంతా సద్దుమణుగుతుంది. మిరప ఘాటుకి చేతులు భగ్గుమన్నా కిక్కురుమనని మనిషి, ఆపరేషన్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టనని మొండికేసింది. మధ్యలో నొప్పి తెలుస్తూ, నోరు పెగలక పడి ఉంటానేమోనని ఆమె భయం. నోరు పెగలకపోవడమనేది ఆమెకి జన్మలో జరగలేదు మరి.

బ్రాడీపేట ఆసుపత్రిలో మత్తు డాక్టరు కౌసర్ మంచం పక్కన కూర్చుంది. "నొప్పిని అదుపు చేసే చోటు ఒకటి ఇక్కడుంది మామ్మా" అని మెడ వెనక, కాస్త పైన వేలు పెట్టి చూపించింది. "మెదడుకి తొడిమ లాంటిది."

వెంకటరావమ్మ గబుక్కున లేచి కూర్చుంది. "దాన్ని పీకేస్తారా?"

"పీకాలంటే నీ ముఠానే పిలిపిస్తార్లే" అంది శ్రీదివ్య.

డాక్టరు నవ్వు ఆపుకుంది. "ఎవరూ పీకరు. అందులో నొప్పిని కసిరి కూర్చోబెట్టే కణాలుంటాయి. వాటిని కూడా ఊరుకోమనే కణాలు వేరే ఉంటాయి. మేమిచ్చే మత్తు ఆ ఊరుకోమనేవాటికి బలమిస్తుంది. మెదడంతా అలా చాలాచోట్ల జరుగుతుంది కాబట్టే నిద్ర పడుతుంది."

వెంకటరావమ్మ కళ్లు చిట్లించింది.

"ఆగు డాక్టరమ్మా. నొప్పిని కసిరేది మేస్త్రి కదా. నీ మత్తు ఆ మేస్త్రి నోరే మూయిస్తే, ముఠా గోల ఎవరాపుతారు?"

కౌసర్ చేతిలోని కాగితం పక్కన పెట్టింది. "డాక్టరీ చదివే పిల్లలు కూడా నన్నిలా అడగలేదు మామ్మా. నిద్ర పట్టినంత మాత్రాన నొప్పి కబుర్లు ఆగవు. అందుకే నొప్పికి వేరే మందిస్తాం. మేస్త్రి నోటికి కట్టిన గుడ్డ అది విప్పుతుంది. ఏ మత్తు అక్కడ ఎంత పనిచేస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు. మీరు లేచేదాకా నేను మీ తల దగ్గరే ఉంటా."

"ఆ రెండో మందు మర్చిపోవుగా?"

"మర్చిపోను."

"పెన్నియ్యి."

బడి గడప తొక్కని మనిషి సంతకం వంకరగా, కాగితం చిరిగేంత గట్టిగా పడింది. ఆమెని లోపలికి తీసుకెళ్లాక, పదో తరగతి తప్పిన శ్రీదివ్య వరండాలో కనపడ్డవాళ్లందరికీ, "మా నాయనమ్మ డాక్టరునే ఆలోచనలో పడేసింది" అని చెప్పుకుంది. అడగనివాళ్లకి రెండుసార్లు చెప్పింది.

మధ్యాహ్నం వెంకటరావమ్మ కళ్లు తెరిచేసరికి కౌసర్ అన్నట్టే తల దగ్గర ఉంది.

"మధ్యలో ఏమన్నా తెలిసిందా మామ్మా?"

"లేదు."

"ఇప్పుడు నొప్పుందా?"

వెంకటరావమ్మ కళ్లు మూసుకుని లోపలికి చెవి పెట్టి విన్నట్టు ఉండిపోయింది.

"ఉంది. అరవట్లా, గొణుగుతోందంతే."