జడ్జిగారి చేతిలో సుత్తి ఉండదన్న నిర్మల

మొన్న మంగళవారం ఉదయం ఆరుంబావుకు బాపట్ల నుంచి ఫోను వచ్చింది. నా ఆడపడుచు నిర్మల, తెనాలి కోర్టులో నలభై రెండేళ్ళు వకీలుగా పనిచేసిన మనిషి, కూతురింట్లో నిద్రలోనే కన్నుమూసింది. దుఃఖం కంటే ముందు నన్ను భయం పట్టుకుంది. ఆ మాట దాచితే ఆమెకు నచ్చదు.

వచ్చే సోమవారం నేను రేపల్లె కోర్టులో సాక్ష్యం చెప్పాలి. మా వీధి మలుపులో కారు గుద్ది టైలర్ మస్తాన్ చనిపోవడం చూసింది నేనొక్కదాన్నే. కారువాళ్ళ మనిషి రెండుసార్లు వచ్చి, "ఈ వయసులో కోర్టు మెట్లెందుకు మామ్మగారూ, జారిపడతారు" అని నవ్వి వెళ్ళాడు. "హాల్లో ఎదురుగా నేను కూర్చుంటాగా. భయమేస్తే నావైపు చూడు" అని నిర్మల అన్నందుకే సరేనన్నాను.

కిందటి నెల మా ఇంట్లో ఇద్దరం టీవీలో ఒక కోర్టు సినిమా చూశాం. అందులో వకీలు ముసలి సాక్షి మొహం మీదకొచ్చి అరుస్తుంటే ఆమె బోనులోనే కుప్పకూలింది. టీవీ కట్టేద్దామని రిమోటు అందుకోబోయాను. నిర్మల పకపకా నవ్వింది.

"ఆ సినిమా కోర్టులో గోడ గడియారం చూడు వదినా. ఇందాక పదకొండుంబావు, ఇప్పుడు పావు తక్కువ పదకొండు! ఆ వకీలు మెడలో తెల్ల బ్యాండు ఏదీ? అరుపులకి ఎగిరిపోయిందా ఏంటి?"

"మరి జడ్జిగారు సుత్తి కొడుతున్నారుగా?"

"మన జడ్జిలకి సుత్తేంటి, వడ్రంగి పనికొచ్చారా? గీత మీద ప్రమాణమూ ఉండదు. అంత మీదకొచ్చి అరిస్తే జడ్జిగారు ఊరుకోరు."

"నేను టైము తప్పు చెబితే?"

నవ్వు ఆపింది. "తెలియంది తెలిసినట్టు చెప్పకు, చాలు. 'గుర్తులేదండి' అను. ఏదీ, అను."

తేదీ, వేళ తప్పకుండా గుర్తుపెట్టుకుని బతికిన నాకు ఆ మాట నోట రాలేదు.

"నా పెళ్ళిలో ఎన్ని విస్తళ్ళు లేచాయో ఇప్పటికీ చెప్తావు, ఈ ఒక్క ముక్క రాదేంటి నీకు?" అని ఎగతాళి చేసింది. మూడోసారికి గొణిగాను. "గట్టిగా వదినా, జడ్జిగారికి వినపడాలి!"

వేమూరు, అమృతలూరు నుంచి వచ్చే కక్షిదారులను నిర్మల కేసు సంగతికంటే ముందు "టిఫిన్ చేశారా?" అని అడిగేది. "ఖాళీ కడుపుతో బోనెక్కితే నిజం కూడా తడబడుతుంది" అనేది. ఆ సహృదయతే ఆమె విద్వత్తుకు అలంకారం.

నిన్న మస్తాన్ భార్య వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "సోమవారం వస్తారుగా మామ్మగారూ?"

"వస్తానమ్మా" అన్నాను.

నిర్మలకు కన్నీటితో నమస్కరిస్తున్నాను. నాకు పోయినవి ఇవి: ఒక ఆడపడుచు, ఒక వకీలు, సోమవారం ఆ హాల్లో నా కోసం కూర్చునే మనిషి.