దుప్పికి కాపలా

పోయినేడు ఎండాకాలం. పొద్దున స్కూటీ మీద గోలేటి నుంచి, నేను పాఠాలు చెప్పే బడికి వెళ్తున్నాను. అడవిలోంచి రోడ్డెక్కిన దుప్పిని నా ముందున్న కారు గుద్ది, ఆగకుండా పోయింది. చూస్తుండగానే జనం మూగారు.

“అది ఇంక బతకది. జర జరుగుండ్రి మేడం, కోసుకుంటం,” అన్నాడొక పెద్దాయన.

“బతుకుతదో లేదో డాక్టర్ చెప్తడు, కాకా. ఎవరన్న చెయ్యేస్తే కేసైతది,” అంటూ అటవీశాఖకు ఫోన్ చేశాను.

దుప్పి బెదరకుండా చున్నీ దాని కళ్లకు కప్పి, మెడ పట్టుకుని కూర్చున్నాను. అది తన్నితే నా మోచెయ్యి చీరుకుపోయింది. అయినా వదల్లేదు. కాసేపటికి ఆ పెద్దాయనే అందరినీ వెనక్కి పంపి, తన కండువాతో దానికి నీడ పట్టాడు.

జీపులో వచ్చినవాళ్లు దానికి వైద్యం చేయించి, కోలుకున్నాక అడవిలో వదిలారు. గుంపుకు ఎదురుగా ఒంటరిగా నిలబడగలనని నాకు ఆ రోజే తెలిసింది.