గేటు కాడ విలన్ చాకు

కొంపల్లిలో ఒక కొత్త విల్లాకు ఫ్యాన్లు బిగించడానికి వెళ్లాను. నన్ను లోపలికి పంపించడానికి గేటు దాకా వచ్చిన ఇంటాయన, నా సంచిలో మడత చాకు చూసి ఆగిపోయాడు.

"ఇది సినిమాలో విలన్ వాడిందే. అదే మోడల్. లోపలికి తేవద్దు" అన్నాడు.

"వైర్లు గీకే చాకు సార్ గిది. మేడ్చల్ అంగట్ల కొన్న" అన్నాను. వినలేదు. వాచ్‌మన్ దాన్ని తన బల్ల డ్రాయర్‌లో పడేశాడు.

వంటింటి సామాను ఇంకా దిగలేదు గానీ హాల్లో టీవీ మాత్రం గోడంత ఉంది. ఆయన సినిమా ఆపి ఆపి, ఏ మడత కత్తి ఏ దేశానిదో, పిడి ఏ కొమ్ముతో చేశారో నాకు పాఠం చెప్పాడు. నేను నిచ్చెన మీద పళ్లతో వైరు తొక్క పీకుతూ విన్నాను. చిగురు తెగింది.

అంతలో పార్సిల్ వచ్చింది. ఏదో సినిమాలో హీరో తిప్పిన కత్తి అట, నెల నుంచి ఎదురుచూస్తున్నాడట. పెట్టె చుట్టూ టేపే టేపు. గోళ్లతో గీకాడు, తాళంచెవితో పొడిచాడు, చివరికి తలెత్తి నన్ను చూశాడు.

"చాకేమైనా ఉందా బాబూ?"

నోట్లోని తొక్కను ఆయన తెల్లటి మార్బుల్ మీద ఉమ్మాను. దాంతోపాటు కాస్త నెత్తురూ పడింది.

"గేటు కాడున్నది సార్. పోయి తెచ్చుకోండ్రి."