రోగమొస్తే దవాఖాన షేరెందుకు పడింది?

2020 మార్చి రెండో వారం. మహారాష్ట్రలోని షోలాపూర్, అశోక్ చౌక్‌లో ఓ జిరాక్సు దుకాణం పైన నా ఆఫీసు. నేను సబ్‌బ్రోకర్‌ని. అంటే ఓ బ్రోకింగ్ కంపెనీ తరఫున మా తెలుగు పేటలవాళ్లకు షేర్లు కొనిపెట్టి, అమ్మిపెట్టే మనిషిని. నా దగ్గరికొచ్చేది కోటీశ్వరులేం కాదు. చద్దర్లు నేసేవాళ్లు, బీడీలు చుట్టే అక్కలు.

వాళ్లలో భవాని పేట్ సత్తయ్య మామ ఒకరు. పవర్‌లూమ్ కార్ఖానాల్లో బీములు అతకడం ఆయన పని. బీమంటే పడుగు నూలు చుట్టిన దూలం. ఒకటి అయిపోవస్తుంటే కొత్త బీము పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా ముడివేయాలి. ముప్పై ఏళ్లు పరాయి మగ్గాలకు ముడులేసిన మనిషి, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, సొంతంగా ఒక మగ్గం కొనాలని ఆశపడ్డారు. అందుకోసం దాచిన డబ్బంతా నన్ను నమ్మి షేర్లలో పెట్టారు.

ఫిబ్రవరిలో నేను తెలివి చూపించాను. "కొత్త రోగమొస్తుందంటున్నరు మామా, దవాఖానలు నిండుతయ్" అని ఆయన డబ్బంతా ఓ పెద్ద ఆస్పత్రి కంపెనీ షేర్లలోకి మార్పించాను. నేనూ కొనుక్కున్నాను. నా బుర్రకు నేనే మురిసిపోయాను!

మార్చిలో మార్కెట్ కుప్పకూలింది. ఒకరోజు లోయర్ సర్క్యూట్ కూడా తగిలింది. ధరలు మరీ పడిపోతే కాసేపు అమ్మకాలు, కొనుగోళ్లు ఆపేస్తారు, దాన్నే అలా అంటారు. అన్నిటితోపాటు ఆస్పత్రి షేరూ పడింది. సత్తయ్య మామ మెట్లెక్కి వచ్చారు.

"అరే అల్లుడా, రోగమొస్తే దవాఖాన షేర్ పెరగాలె గద? పడుతున్నదేంది?"

నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఆయన ముందే ముంబై ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. మనలాంటి దేశాల మార్కెట్లలో విదేశీ ఫండ్ల డబ్బు చాలా ఉంటుందట. ప్రపంచానికి భయం పుడితే వాళ్లు ముందుగా ఇలాంటి చోట్ల నుంచే డబ్బు వెనక్కి లాక్కుంటారట. మంచిదా చెడ్డదా అని చూడరు, ఏది చప్పున అమ్ముడుపోతే అది అమ్మేస్తారు. దానికితోడు అంటురోగానికి భయపడి జనం మోకాళ్ల ఆపరేషన్లు, కంటి ఆపరేషన్లు వాయిదా వేసుకుంటారు. ఆస్పత్రులకు అలాంటివాటి మీదే మంచి ఆదాయం. ఇదంతా మామకు చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. "అంటే కిరాయోడు ఇల్లిడిచిపోయిండు. ఇల్లయితే కూలలే."

"కూలకున్నా అంతా అమ్మేద్దాం మామా. ఇంకా పడుతది."

"సగం అమ్ము. కార్ఖానాలు బంద్ పడితే ఇంట్ల తినాలె. మిగిలింది ఉండనీ. పాత కొసలన్నీ కోసేస్తే మళ్ల మొదటికెల్లి ఒక్కొక్క పోగు మగ్గం అచ్చుల సందులల్ల దూర్చి ఎక్కియ్యాలె. కొసలుంటే అతుకచ్చు."

నాకు చిర్రెత్తింది. "ఇది మగ్గం కాదు మామా!"

"ఎరకే. పైసలు నావి గద? సగమే అమ్ము."

అమ్మాను. ఆయన మెట్లు దిగగానే నావన్నీ అమ్మేసుకున్నాను. కొద్దిరోజులకే లాక్‌డౌన్ వచ్చింది, పేటల్లో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఆ సగం డబ్బుతో వాళ్లిల్లు గడిచింది. కార్ఖానాలు తెరిచాక మామ నెలనెలా మూడో నాలుగో షేర్లు మళ్లీ కొనడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ షేరు మేం కొన్న ధర దాటిపోయింది. మళ్లీ కొందామంటే నాకు చేతులు రాలేదు, పెరిగిన ధర చూసి కుళ్లుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాతి ఏడాది ఆయన మగ్గం కొన్నారు. కొబ్బరికాయ కొట్టే రోజు నన్నూ పిలిచారు. మగ్గం నడుస్తుంటే ఉండబట్టలేక చెప్పేశాను. "మామా, ఆ రోజు నువ్వు పోయినంక నావన్నీ అమ్ముకున్న."

ఆయన పకపకా నవ్వారు. "నాకెరకే అల్లుడా! ఫోన్ పట్టుకున్న నీ చెయ్యి గజగజ వణుకుతుండె. అన్నీ తెల్సిన నువ్వే గంత భయపడితే, బజారంతా భయంతోనే అమ్ముతున్నదనుకున్న. భయంతోని పెట్టిన ధరకు నా మగ్గం మొత్తం ఎట్ల ఇస్త?"

సిగ్గుతో తల వంచుకున్నాను. ఇప్పుడు ఎవరికైనా "అమ్మేద్దాం" అనబోయే ముందు, ఒక్క క్షణం నా చేతుల వంక చూసుకుంటాను.