అణిగితే వదిలేసే డిఫెండర్

కరోనా తగ్గి, ఊళ్లలో కబడ్డీ టోర్నమెంట్లు మళ్లీ మొదలైన ఏడాది ఎండాకాలం. ఉదయగిరి కొండ కింద గ్రౌండులో మా జట్టుకు నేను డిఫెన్స్ కోచ్‌ని. రైడర్లకు వేరే కోచ్ ఉన్నాడు. కూతకొచ్చిన ఎదుటి రైడర్‌ని మధ్య గీత చేరనివ్వకుండా పట్టుకునేవాళ్లు మాత్రమే నా బాధ్యత. పేపర్లో ఫొటో ఎప్పుడూ రైడర్‌దే. అందులో కింద మట్టిలో కనిపించే మోచేతులు మావాళ్లవి.

ఈ ఉద్యోగానికి నేను పరీక్ష రాసి రాలేదు. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షే నన్ను బడినుంచి అవుట్ చేసింది. లెఫ్ట్ కార్నర్‌లో, అంటే ఎడమ చివర కాపు కాస్తూ, ఆడినన్నాళ్లు ఆడాను. వింజమూరులో మోకాలు పోయాక బయట కూర్చుని అరవడం మొదలుపెట్టాను. ఆ అరుపు పనికొస్తోందని ముందు మా ఊరి జట్టు, తర్వాత మండలం జట్టు, చివరికి ఒక క్లబ్బు జీతమిచ్చి మరీ అరవమన్నాయి.

ఆ ఎండాకాలంలోనే వచ్చాడు మాలకొండయ్య, గొర్రెలు కాసే ఇంటివాడు. యాంకిల్ హోల్డ్, అంటే రైడర్‌ని మడమ దగ్గర ఒడిసిపట్టడం, అంత తేలిగ్గా రాదు. ఇతను మొదటిరోజే ప్రాక్టీసులో కూతకొచ్చిన మా కెప్టెన్ మస్తాన్‌ని పట్టి పడేశాడు.

"ఎవర్రా నీకు నేర్పించింది?" అన్నాను.

"గొర్రెలేనన్నా. ఎనక కాలు దొరికితే యాడికీ పోలేవు."

"చూడు మస్తానూ, నీకంటే గొర్రెలే వీణ్ణి ఎక్కువ తిప్పలు పెట్టినాయంట!"

కానీ ఒక చిక్కు. రైడర్ గింజుకోవడం ఆపగానే కొండయ్య చేతులు వదిలేసేవాడు. రైడర్ ఒక్క దూకుతో గీత తాకేవాడు. పాయింటు వాళ్లకు, అవుట్ మావాడు. ఇది కనిపెట్టి మస్తాన్ దొరకగానే శవంలా పడుకోవడం మొదలుపెట్టాడు.

"ఏందిరా నీ జాలి?" అని అరిచాను.

"జాలి గాదన్నా. అణిగినాక గూడా లాగితే కాలిరిగిపోదా?"

మందలో అది మంచి పద్ధతే. ఆటలో కొంప ముంచుతుంది. ఆత్మకూరు టోర్నమెంట్‌కు జిల్లా జట్టు సెలెక్టర్లు వస్తున్నారు. ఎంపికైతే కొండయ్య క్యాంపుకు పోతాడు. లేదంటే ఆట మానేసి, మందతో కలువాయి వైపు మేతకు పోవాల్సిందేనని వాళ్లమ్మ వెంగమ్మ తేల్చి చెప్పింది.

తిట్టాను, బతిమాలాను, గ్రౌండు చుట్టూ పరిగెత్తించాను. మారలేదు. ఇంకొంచెం గడువు అడుగుదామని వాళ్లింటికి పోయాను. అక్కడ గొర్రెలకు కడుపులో పురుగులు చావడానికి నట్టల మందు తాగిస్తున్నారు. కొండయ్య చేతుల్లో పొట్టేలు కదలకుండా ఉంది. అయినా వదల్లేదు.

"అణిగింది గదరా, వదలవేంది?"

"మందు గొంతు దిగిందని అమ్మ చెప్పాల గదన్నా. ముందే వదిలితే ఉమ్మేస్తాది."

"వొకసారి వదిలినాడు సామీ, నా చీరంతా మందే," అంది వెంగమ్మ. "మళ్లీ వదలమను, చెప్తా!"

గడువు సంగతి మరిచిపోయాను. "ఒరే కొండయ్యా, రేపట్నుంచి రిఫరీ అంటే మీసాలుండే మీ అమ్మ. విజిల్ ఊదేదాకా మందు దిగలేదనుకో!"

ఆత్మకూరులో ఆఖరి రైడ్. మాకు ఒక్క పాయింటు ఆధిక్యం. కొండయ్య రైడర్ మడమ పట్టాడు. రైడర్ కాసేపు గింజుకుని, ఒళ్లు వదిలేసి పడుకున్నాడు. మస్తాన్ తల పట్టుకున్నాడు. కొండయ్య కదల్లేదు. రైడర్ ఒక్కసారిగా ఎగిరాడు. మడమ మాత్రం ఉన్నచోటే ఉంది. విజిల్ పడింది. జనం గోలలో అది కొండయ్యకు వినపడలేదు. రిఫరీ వచ్చి వీపు తట్టి, "అయిపోయిందబ్బా, ఇంక వదులు," అంటే గానీ వదల్లేదు.

ఎంపికైనాడని చెప్పడానికి వెళ్తే వెంగమ్మ కళ్లు తుడుచుకుంటూనే నన్ను ఇరికించింది. "మరి మందను ఎవురు తోలుకుపోతారు? నువ్వొస్తావా?"

ఆవిడ తమ్ముడు వచ్చేదాకా నేనే తోలాను. ఇంతమందిని అరుపుతో ఆడించినవాణ్ణి, ఒక్క గొర్రె కూడా నా మాట వినలేదు.

అప్పటినుంచి కొత్త ఆటగాడొస్తే గ్రౌండులోకి దించేముందు, అతను పనిచేసే చోటికి పోయి చూస్తాను. చేతులకు ఏ అలవాటుందో, ఎందుకుందో అక్కడే తెలుస్తుంది. మొన్న చెక్క గరిటెలు చెక్కేవాడొకడు వచ్చాడు. రోజూ వాళ్ల దుకాణంలో కూర్చుంటున్నాను. అతని పట్టు సంగతి ఇంకా అంతు చిక్కలేదు గానీ, మా ఇంట్లో గరిటెలు పెట్టడానికి చోటు లేదు.