తోడికోడలి తెల్లతుమ్మ

మొన్న మా మనవరాలు తను చదివే విశ్వవిద్యాలయం నుంచి ఫోనులో ఒక ఫోటో పంపింది. తెల్లతుమ్మ చెట్టు, దాని మొదట్లో ఒక బోర్డు, బోర్డు మీద చెట్టు పేరు, ఆ కింద విత్తనం వచ్చిన ఊరంటూ మా వల్లూరు పేరు. వాళ్ళ మేడం పిల్లలందరినీ ఆ నీడలో నిలబెట్టి, బెరడు తడిమి చూడమని పాఠం చెప్పిందట. మనవరాలు మురిసిపోతూ రాసింది గానీ నాకు కడుపు రగిలింది. ఆ చెట్టు నాది కావలసింది, మా తోడికోడలిదయింది.

మా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఊళ్ళకు ఊళ్ళు కూలికి పోయేవి. అలా నేనూ, మా తోడికోడలూ అదే విశ్వవిద్యాలయంలో తోటపనికి చేరాం. అక్కడి మేష్టారు ఊరూరి చెట్లూ ఒకచోట పెంచాలని, సొంత ఊరికి పోయొచ్చే వాళ్ళనల్లా మీ వైపు విత్తనం తెమ్మనేవారు. నేను శెనక్కాయ విత్తనం ఏరినట్టే మా చేనిగట్టు మీది తెల్లతుమ్మ కాయలు ఒలిచి, నున్నటి గింజలు ఏరి, కొత్త గుడ్డలో మూటగట్టి తీసుకుపోయాను. మా తోడికోడలేమో మేకలదొడ్డి ఊడ్చి, అవే కాయలు తిని మేకలు నెమరేస్తూ ఉమ్మిన గింజలను పెంటతో సహా పాత సంచిలో తెచ్చింది. నేను ముక్కు మూసుకున్నాను. తీరా చూస్తే నా గింజల్లో ఒక్కటీ మొలవలేదు, ఆమెవి బిలబిలా లేచాయి. మేక నోట నానితే గాని ఆ గింజ పగలదని, మేకల వెంట పెరిగిన మనిషికి తెలుసు. తెలిసీ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు లెండి. మేష్టారు అందరి ముందూ ఆమె చేతనే మొక్క నాటించారు.

ఇప్పుడు మా చేను సోలార్ ప్యానెళ్ళ కింద ఉంది. నీడ పడుతుందని గట్ల మీది చెట్లన్నీ కొట్టేశారు, కంపెనీకి కౌలు కాగితం మీద సంతకం పెట్టింది మేమే. అందుకే మనవరాలి చేత విశ్వవిద్యాలయంలోని ఆ చెట్టు కాయలు తెప్పించుకున్నాను, ఈసారైనా నా చేత్తో ఒక్క మొక్క లేపాలని పంతం. కాని మేపడానికి మా ఇంట మేక లేదు. రాయచెర్లులో కూతురి దగ్గర ఉంటూ ఇంకా మేకలు కాస్తున్నది మా తోడికోడలే. సిగ్గు చంపుకుని షేర్ ఆటో ఎక్కి పోయాను.

కాయలు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "మన గట్టు కాయలే అక్కా. ఈ పొద్దే మేపుతా. మొలకొచ్చినాక యాడ నాటుతావు?" అంది.

మొక్క పెట్టడానికి నాకు జానెడు జాగా లేదన్న సంగతి కూడా నాకన్నా ముందు ఆమెకే తట్టింది. ఆటోలో తిరిగి వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా సోలార్ అద్దాలే. ఒకప్పుడు ఎండకు తాళలేక ఏ గట్టున ఆగినా ఇంత నీడ దొరికేది. ఇప్పుడు మా చేనినీడ పరాయి ఊళ్ళో, మా తోడికోడలు నాటిన చెట్టు కింద ఉంది, అక్కడ నిలబడి పాఠం వింటున్న ఆ పిల్లలను తలచుకుంటే, అందులో నా మనవరాలున్నా సరే, నాకు అసూయగానే ఉంది.