గంపెడు ఎర్రమన్ను

నా చిన్నప్పటి సంగతే అయినా ఆ దాణా దుకాణం ఆయన మీద నాకు కోపం చల్లారలేదు. అరవై దాటాయి, మనవలున్నారు, ఇంకా ఎందుకా కోపం అంటారు మావాళ్ళు. ఉంటుంది మరి. తెలియక చేసినవాణ్ణయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

మాది గోదావరిఖనిలో బొగ్గుబావి పక్కన ఒక గుడిసెల వాడ. బాపుకు బావిలో ఉద్యోగం. నాయనమ్మను మేమంతా అవ్వ అనేవాళ్ళం. ఆమె బతుకంతా పందుల పెంపకమే. అవి ఊరంతా తిరిగి మన్ను తవ్వుతున్నాయని క్వార్టర్ల వాళ్ళు రోజూ తిట్టేవారు. ఆ తిట్లు పడలేక బాపు ఇంటి వెనక దొడ్డి కట్టి, కింద నున్నగా సిమెంటు పోశాడు. ఈసారి ఈనిన పిల్లలు దక్కకపోతే పందులన్నీ తీసేస్తానని అవ్వకు తెగేసి చెప్పాడు. పందులు పోతే ఆమె ఒక మూల కూర్చుని కొడుకు పెట్టింది తినాలి. మా అవ్వకు అంతకన్నా చావు నయం.

పంది తొమ్మిది పిల్లల్ని ఈనింది. బాపు పిలిస్తే దుకాణం ఆయన స్వయంగా వచ్చాడు, దొడ్డంతా తిరిగి చూశాడు, తల్లి దాణాలో కలపమని ఒక బలం పొడి ఇచ్చాడు. అది బాగానే పనిచేసింది. తల్లికి పాలు పొంగాయి, పిల్లలు గుండ్రంగా తయారయ్యాయి. ఒక్క బక్కది మాత్రం వాటితో పోటీపడి పాలు తాగలేక, నీళ్ళు పోయే తూములోంచి బయటికి దూరి మన్ను కెలికేది. దాన్ని పట్టుకొచ్చి లోపల వేయడమే నా పని. విసుగొచ్చి చివరికి ఆ తూముకు ఇటుక అడ్డం పెట్టేశాను.

మూడో వారంలో ఒక పొద్దున అన్నిటికన్నా బలిసిన పిల్ల చచ్చిపడి ఉంది. మర్నాడు దాని తర్వాతది. బక్కది తప్ప మిగిలినవి నిలబడలేక ఎగపోస్తున్నాయి. బాపు పొడి రెట్టింపు చేశాడు. అవ్వ మాత్రం ఒక లావు పిల్లను ఎత్తి ఎండకు అడ్డం పట్టింది. చెవి తెల్లగా పాలిపోయి ఉంది. తర్వాత బక్కదాన్ని పట్టింది. దాని చెవిలో నెత్తురు ఎర్రగా మెరిసింది.

“గవి తిననిది ఇదేం తిన్నదే?” అని నన్నడిగింది.

నా చూపు ఇటుక మీదికి పోయింది. అవ్వ తనే వంగి దాన్ని తీసేసింది. గంప పట్టుకుని, బొగ్గు దుమ్ము పడని చోటు దాకా నడిచి, ఎర్రమన్ను తెచ్చి సిమెంటు మీద కుమ్మరించింది. మన్ను తినిపిస్తవా, పిచ్చి లేసిందా అని బాపు అరిచాడు. పిల్లలు మాత్రం ఆ మన్ను మీద పడి మూతులు పెట్టేశాయి. రోజూ ఒక గంప తెచ్చింది. ఇంకొక పిల్ల పోయింది గానీ మిగిలిన ఆరింటికీ చెవులు ఎర్రబడ్డాయి. పందులు తీసేసే మాట బాపు మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత అవ్వ నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన తల కూడా ఎత్తలేదు.

“సిమెంటు మీద పెంచితే పిల్లలకు ఇనుము అందదవ్వా. మన్నుల ఉంటది, పాలల్ల సాలదు. జల్ది పెరిగేదానికి ఇంకా ఎక్కువ కావాలె. గందుకే లావువే ముందు పోయినయి.”

“దొడ్డి చూసినవు గద బిడ్డా. మరి అప్పుడే చెప్పకపోతివి?”

“మీరు బలం పొడి అడిగిండ్రు, ఇచ్చిన. గది అడగలే.”

“అడిగెటందుకు నాకు తెల్వాలె గద” అంది అవ్వ. అంత నెమ్మదిగా ఎలా అనగలిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకైతే ఒళ్ళు మండిపోయి, గడప దగ్గరున్న దాణా బస్తాను కాలితో తన్ని పరిగెత్తాను.

పెద్దయ్యాక దవాఖానలో నర్సునయ్యాను. తలనొప్పికి గోళీ కోసం వచ్చిన బాలింతనైనా, ఒంట్లో నెత్తురుందో లేదో కనురెప్ప కిందికి లాగి చూడకుండా, ఏం తినాలో చెప్పకుండా ఏనాడూ పంపలేదు. సిస్టరుకు నోరెక్కువ అని పేరు పడింది, పడనీ. ఉద్యోగం మానేశాక కూడా అంతే. మొన్న ఎదురింటి కోడలు చంటిదాన్ని ఎత్తుకుని దాని జలుబుకు మందు అడగడానికి వచ్చి, నేను ఆమె కనురెప్ప చూసి చెప్పడం మొదలుపెట్టగానే, “నేనడిగింది గది గాదు పెద్దమ్మా” అని లేవబోయింది.

“అడగందే చెప్తున్న, కూసో” అన్నాను.